సీట్లక్క తూకం

పడవ నీళ్ళ మీద నడుస్తుందని అనుకునేవాళ్ళు ఆ యార్డులో తయారైన పడవ ఎన్నడూ ఎక్కి ఉండరు. అది నడవదు. ఎగిరి పడుతుంది, లేచి మళ్ళీ ఎగురుతుంది, మధ్యలో ఎక్కినవాడి పళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. పదహారు అడుగుల పొడవు, ఫైబరుతో చేసిన తేలికపాటి ఒళ్ళు, వెనక దాని వయసుకి మించిన ఇంజను. నీళ్ళు కదలకుండా ఉన్న రోజున దాన్ని ఎవడైనా తోలతాడు, తోలి మీసం కూడా తిప్పుతాడు. గాలి లేచి కెరటం మొదలయ్యాకే ఎవరి బండారం ఏమిటో తెలిసేది.

ఈ సంగతి ఆ యార్డులో అందరికంటే బాగా తెలిసిన మనిషి పడవ తోలేవాడు కాదు, గీసేవాడు కాదు, యజమాని అసలే కాదు. సీట్లు కుట్టే ఆవిడ. వయసు యాభై రెండు. సొంత పేరు ఒకటి ఉంది కాని హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా పలకదు. అందరికీ ఆవిడ సీట్లక్కే. షెడ్డు మీద మేడగది ఆవిడ సామ్రాజ్యం. మందపాటి రెక్సిను కుట్టే పెద్ద మిషను, గోడకి ఆనించిన స్పాంజి పలకలు, డబ్బాల్లో జిగురు, కిటికీ తీస్తే కింద రేవు. నోట్లో నాలుగు గుండుసూదులు కరిచిపట్టుకుని కూడా ఎదుటివాణ్ణి కడిగి ఆరేయగల నేర్పు ఆవిడది. మొగుడి సంగతి ఎవరైనా అడిగితే, "ఉండేవాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసి దారం తెంపేది. ఎక్కడికి పోయాడని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆవిడ తమ్ముడే ఆ యార్డులో పడవలు పరీక్షించే డ్రైవరు. తయారైన ప్రతి పడవనీ అమ్మే ముందు సముద్రంలోకి తీసుకుపోయి, ఎన్ని రకాలుగా హింసించవచ్చో అన్ని రకాలుగా హింసించి తీసుకురావడం అతని ఉద్యోగం. అక్కకంటే నాలుగేళ్ళు చిన్న. మాట తక్కువ. వాడి వంతు మాటలు కూడా ముందు పుట్టిందే పట్టుకొచ్చేసిందని వాళ్ళమ్మ అనేది.

పంతొమ్మిదేళ్ళ కిందట ఒక రోజు ఈ తమ్ముడు పరీక్ష నుంచి నడుం పట్టుకుని వచ్చి, "అక్కా, నీ సీటు మీద కూర్చుంటే నడుం విరిగిపోతోంది" అన్నాడు. "నా సీటుకేం రోగం. నీకే కూర్చోవడం రాదు" అని ఆవిడ మిషను ఆపి, మెట్లు దిగి, చెప్పులు విడిచి, పడవ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. డ్రైవరుకి ముందు, పడవ ముక్కుకి దగ్గరగా ఉండే ఒంటి సీటు అది. అరగంట తిరిగి వచ్చారు. తమ్ముడు దిగి నెత్తి గోక్కుని, "ఇవాళ పడవ బుద్ధిగా ఉంది" అన్నాడు. మర్నాడు అక్క లేకుండా వెళితే మళ్ళీ పేట్రేగింది. మూడో రోజు అక్క ఎక్కితే మళ్ళీ బుద్ధిగా ఉంది.

ఇలాంటప్పుడు చదువుకున్నవాళ్ళు ఏం చెయ్యాలి? కారణం వెతకాలి. ఆ యార్డులో చదువుకున్నవాడు ఒకడున్నాడు, పడవలు గీసే ఇంజనీరు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది కాబట్టి అతని పేరు పెన్సిలు. అతను కూడా వెతకలేదు. "సీట్లక్క అంటే పడవక్కూడా భయమే" అని యజమాని నవ్వాడు, పెన్సిలూ నవ్వాడు, ఆ నవ్వే యార్డుకి నియమమై కూర్చుంది. అప్పట్నుంచి సీట్లక్క ముందు సీట్లో లేకుండా ఏ పడవా పరీక్షకి వెళ్ళలేదు. ఆవిడ కూర్చుని ఉండగానే పెట్రోలు ట్యాంకు జానెడు వెనక్కి జరిపారు, ఇంజను రెండు వేళ్ళు పైకెత్తారు, బ్యాటరీ చోటు మార్చారు. అలా ఒక్కో మోడలూ సర్దుకుంటూ వచ్చారు. కొన్నవాళ్ళు మాత్రం, మీ పడవ కెరటం కనపడితే చాలు ముందు కాళ్ళెత్తి లేస్తోందని ఉత్తరాలు రాసేవాళ్ళు. "తోలడం రాదు వెధవలకి" అని యజమాని వాటిని డ్రాయరులో పడేసేవాడు.

సీట్లక్కకి మాత్రం ఆ ముందు సీటు ప్రాణం. మేడగదిలో ఉంటే మోకాళ్ళ నొప్పి, కళ్ళ మంట, కరెంటు పోతే చిరాకు. పడవ రేవు దాటిందంటే ఇవేవీ గుర్తుండేవి కావు. అక్కడ చూసుకోవాల్సింది ఒక్కటే, రాబోయే కెరటం.

ఎదురు కెరటంలో వెళ్ళేటప్పుడు బటను నొక్కి ఇంజను వంపు మార్చి పడవ ముక్కు దించాలి. అప్పుడే అడుగునున్న పదును నీటిని కోస్తుంది. ముక్కు లేచి ఉందంటే అడుగు మొత్తం నీటిని చరుస్తుంది, ఆ చరుపు నేరుగా వెన్నుపూసలోకి పోతుంది. కెరటం కొస మీంచి పడవ గాల్లోకి లేచిన క్షణాన థ్రాటిల్, అంటే వేగం పెంచే పిడి, కాస్త వదలాలి, లేకపోతే నీళ్ళు తగలని ప్రొపెల్లరు వెర్రెత్తినట్టు తిరిగి గేర్లు నమిలేస్తుంది. కాస్తే వదలాలి. బెదిరిపోయి మొత్తం వదిలేశాడా, ముక్కు వాలిపోయి ఎదుటి కెరటంలో దిగబడుతుంది, పడవకంటే ముందు తోలేవాడు నీళ్ళలో ఉంటాడు. మళ్ళీ నీళ్ళు తాకుతుండగా ఇవ్వాలి. ఇదంతా తమ్ముడి చేతి పని. కాని ఏ కెరటం ఎలాంటిదో ముందే కనిపెట్టేది ముందు సీట్లో కూర్చున్న అక్క. వెనక్కి తిరక్కుండా చెయ్యెత్తి అరిచేది.

"వదులు. ఇవ్వు. ఇది ఉత్త నురగ, దీన్ని లెక్కచెయ్యకు. దాని వెనకాలది దొంగది, పక్కనుంచి వస్తోంది. ఏటవాలుగా పో."

ఆవిడ కెరటాలకి పెట్టిన పేర్లు కొన్ని ఒడ్డున నలుగురిలో పలకదగ్గవి కావు. తమ్ముడికి అవన్నీ కంఠతా వచ్చు.

రెండేళ్ళ కిందట ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. మేడకి పదిహేడు మెట్లు. మెట్టుకో తిట్టు చొప్పున తిట్టుకుంటూ ఎక్కేది. డాక్టరమ్మ తూకం చూసి, తొంభై ఒక్క కిలోలని కార్డు మీద రాసి చేతిలో పెట్టింది. "ఇరవై కిలోలు దించండి. లేదంటే మోకాళ్ళు కొయ్యాలి. రెండిట్లో ఏది కావాలో మీ ఇష్టం" అంది.

"మీరు చాలా మర్యాదగా బెదిరిస్తారండీ" అని సీట్లక్క కార్డు పర్సులో పెట్టుకుంది.

టీలో చక్కెర మానేసింది. తిండి సగానికి సగం తగ్గించింది. పొద్దున్నే రేవు గోడ వెంట ఈ కొస నుంచి ఆ కొసకి చేతులూపుకుంటూ నడిచింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ప్రతి వెధవా ఒక సలహా పట్టుకొస్తాడని ఆవిడ భయం. ఏడాదిన్నర తిరిగేసరికి ఇరవై రెండు కిలోలు దిగింది. వదులైన బట్టలన్నీ తన మిషను మీదే బిగించుకుంది. పైన ఎప్పుడూ తోలు ఏప్రను వేసుకునే ఉంటుంది కాబట్టి యార్డులో ఎవరి కంటా పడలేదు. మరదలు ఒక్కతే పట్టేసి, "ఏంటి వదినా, సంబంధాలేమైనా చూస్తున్నావా?" అంది.

"చూస్తున్నా. నీ మొగుడికి ఇంకోటి" అంది సీట్లక్క.

సరిగ్గా ఆ ఏడాదిన్నరలోనే కొత్త మోడలుకి తిక్క పట్టింది. రేవు రక్షక దళానికి ఎనిమిది పడవలు కావాలి. సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని పోయి తెచ్చే పడవలు కాబట్టి ఎంత పోట్లాట నీళ్ళలోనైనా నిలబడాలి. ఆ ఆర్డరు కోసమే ఈ మోడలు గీశారు. మొదట్లో బాగానే ఉంది. నెలలు గడిచేకొద్దీ కెరటం కొసకి రాగానే ముక్కు లేవడం, దాని కిందికి గాలి దూరడం, పడవ తోక మీద పడి, ఆ తర్వాత ముక్కు దభీమని చరచడం మొదలైంది. పెన్సిలు ప్రొపెల్లరు మార్చాడు. ఇంజను ఎత్తాడు, దించాడు. వెనక రేకులు వంచాడు, మళ్ళీ తిన్నగా చేశాడు. ఏదీ కుదరక, "పడవలో లోపం లేదు" అని తేల్చాడు.

పడవలో లేకపోతే తోలేవాడిలో ఉండాలి. ఈ వాదన యజమానికి వెంటనే నచ్చింది, ఎందుకంటే ఆయనకి ఈ మధ్యే ఒక అల్లుడు వచ్చాడు. అల్లుడికి పని లేదు. నల్ల కళ్ళజోడు మాత్రం ఉంది.

సీట్లక్కకి అసలు సంగతి ఒక మధ్యాహ్నం పడవలోనే తెలిసింది. ఆ రోజు పడవ రెండుసార్లు చాలా దారుణంగా పడింది. తన సీటు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. అంత గట్టిగా పడితే స్పాంజి పూర్తిగా నలిగి, అడుగున చెక్క ఒంటికి తగలాలి. పంతొమ్మిదేళ్ళుగా తగులుతోంది. ఆ రోజు తగల్లేదు. రెండోసారీ తగల్లేదు. ఒడ్డుకొచ్చాక సీటు మీద అరచెయ్యి పెట్టి చూసింది. స్పాంజిలో తన పాత గుంట అలాగే ఉంది, తనే ఆ గుంటకి చాలడం లేదు. స్పాంజి, చెక్క, లేచే ముక్కు, ఒకదాని వెంట ఒకటి తలకెక్కాయి. పడవకి భయమూ లేదు, భక్తీ లేదు. ఇన్నాళ్ళూ ముక్కు మీద తొంభై ఒక్క కిలోలు కూర్చుని ఉన్నాయి, ఇప్పుడు అరవై తొమ్మిది కూర్చుంటున్నాయి. అంతకంటే ఏమీ లేదు.

చెప్పెయ్యాలి. నోరు విప్పితే అర నిమిషం పని. ఊరందరి మీదా లేచే ఆ నోరు ఇప్పుడు లేవలేదు. చెప్పిన మరుక్షణం పెన్సిలు ఏమంటాడో ఆవిడకి తెలుసు. అయితే ఇసక మూట పెడదాం అంటాడు. ఇసక మూటకి మోకాళ్ళ నొప్పి లేదు, బూతులు రావు, ఎండగా ఉందని సణగదు. అది వచ్చాక సీట్లక్క పడవలో ఎందుకు? మేడగదిలో మిషను ముందు కూర్చోమంటారు, రిటైరయ్యేదాకా కిటికీలోంచి చూసుకోమంటారు. రేపో మాపో పెన్సిలుకే తడుతుందిలే, వాడి చదువు అంత దండగా, అని రెండు వారాలు తనకి తనే నచ్చచెప్పుకుంది. తమ్ముడి మొహం చూడాల్సి వచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయింది. వాడు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఇంజను నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ తిరిగాడు.

ఒక రోజు యజమాని స్వయంగా మెట్లెక్కి మేడగదికి వచ్చాడు. ఆయన పైకొచ్చాడంటే ఏదో మునిగిందన్నమాట.

"రేపు పొద్దున రక్షక దళం కెప్టెన్ వస్తున్నాడమ్మా. పడవ మా అల్లుడు తోలతాడు" అన్నాడు. "మీ తమ్ముడి చేతులు పోయాయి. వయసు, ఎవరం ఏం చేస్తాం. రేపట్నుంచి వాణ్ణి బోల్టుల స్టోరులో వేస్తున్నా. అన్నట్టు, అల్లుడు కాస్త సుకుమారం. డ్రైవరు సీటుకి ఇంకో రెండంగుళాల స్పాంజి వెయ్యి."

"వేస్తాను సార్. తలకాయక్కూడా వెయ్యమంటారా?" అంది సీట్లక్క.

ఆయన దిగిపోయాక ఆవిడ స్పాంజి పలకల మీదే కూలబడింది. పాతికేళ్ళు సముద్రం మీద బతికినవాడు. వాణ్ణి తీసుకెళ్ళి డబ్బాల మధ్య కూర్చోబెడుతున్నారు, అదీ తను నోరు మూసుకున్నందుకు. కిందికి పోయి చూస్తే తమ్ముడు అప్పటికే డ్రాయరు ఖాళీ చేసుకుంటున్నాడు.

"స్టోరులో ఫ్యాను ఉందట" అన్నాడు.

ఆవిడ గిరుక్కున తిరిగి మెట్లెక్కింది. పైకొచ్చి మంచి రెక్సిను ముక్క కోసి, రెండు సంచులు కుట్టింది, ప్రతి అంచుకీ రెండేసి కుట్లు వేసి.

మర్నాడు పొద్దున గాలి ఒకవైపు, పోటు దానికి ఎదురు. రేవు బయట నీళ్ళు పొట్టిగా, నిటారుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తున్నాయి. ఈ చిన్న పడవలకి బారుగా వచ్చే పెద్ద కెరటంకంటే ఈ పొట్టివే యముళ్ళు. ఒకదాని మీంచి దిగేలోపే రెండోది ముక్కు ముందు నిలబడి ఉంటుంది. కెప్టెన్ వచ్చాడు. ఉప్పుగాలికి మొహం తోలైపోయిన మనిషి, చేతిలో దుర్భిణి. అల్లుడు కొత్త కోటు వేసుకుని డ్రైవరు సీట్లో సిద్ధంగా ఉన్నాడు.

"ముందు సీట్లో ఎవరూ అక్కర్లేదు. బరువు తగ్గితే స్పీడు పెరుగుతుంది" అన్నాడు అల్లుడు.

"కాస్త ఆగు నాయనా" అంది సీట్లక్క. రెండు చేతుల్లో రెండు సంచులు ఈడ్చుకుంటూ వచ్చింది. "సార్, ఖాళీ ముక్కుతో ఆ నీళ్ళలోకి పోతే ఈ పడవ వెల్లకిలా పడుతుంది. మీ అమ్మాయికి పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు."

"పొద్దున్నే ఏం నోరమ్మా అది" అన్నాడు యజమాని. పెద్దమనుషుల ముందు ఆయన మొహం కందగడ్డ అయింది.

"నా నోరు సంగతి తర్వాత. నా తూకం చూడండి."

షెడ్డు గుమ్మం పక్కన ఇంజన్లు తూచే కాటా ఉంది. సీట్లక్క సంచులు కింద పెట్టి, ఏప్రను విప్పి, చెప్పులు విడిచి, దాని మీద ఎక్కి నిలబడింది. రంగులు వేసేవాళ్ళు, ఫైబరు పనివాళ్ళు, అందరూ పనులు ఆపి చూస్తున్నారు. ఆవిడ చెవులు కాలిపోయాయి. అయినా దిగలేదు.

"పెన్సిలు బాబూ, ఎంతుందో పైకి చదవండి."

"అరవై తొమ్మిది" అన్నాడు పెన్సిలు.

ఆవిడ పర్సులోంచి డాక్టరమ్మ కార్డు తీసి చాచింది. "ఇది రెండేళ్ళ కిందటిది. ఇదీ చదవండి. ఆ మూలవాళ్ళక్కూడా వినపడాలి."

"తొంభై ఒకటి."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. సీట్లక్క ఆ వైపు చూసింది, వాడు రంగు డబ్బాలోకి తల దూర్చాడు.

"ఇన్నేళ్ళూ మీరు పడవలన్నీ నన్ను పెట్టుకుని సర్దారు. నేను తగ్గాను. ఆ సంగతి పడవకి తెలిసింది, మీకు తెలియలేదు. నాకు తెలిసి కూడా రెండు వారాలు నోరు మూసుకున్నాను, అది నా తప్పు. వాడి చేతులకి ఏమీ కాలేదు."

పెన్సిలు చెవి మీది పెన్సిలు తీసి, దాన్నే కాసేపు చూసి, పక్కనున్న డబ్బా మీద కూర్చున్నాడు. దాని మూత మీద రంగు తడిగా ఉంది. "ముందు సీటు, ఒక మనిషి, అని రాశాను" అన్నాడు నీరసంగా. "మనిషంటే డెబ్బై అయిదు కిలోలు అనుకున్నాను."

"నన్ను చూస్తూ డెబ్బై అయిదు అనుకున్నారా? మీరు చాలా మర్యాదస్తులు బాబూ."

ముందు నవ్వింది కెప్టెన్. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "అమ్మా, ఆ సంచుల్లో ఏముంది?" అన్నాడు.

"ఇసక. సరిగ్గా ఇరవై రెండు కిలోలు. తగ్గినంతా తెచ్చాను."

"అయితే అవి వేసుకుని మీరే వెళ్ళండి. పాత డ్రైవరు తోలాలి. నేను రేవు గోడ కొసనుంచి చూస్తాను."

అల్లుడు కళ్ళజోడు తీసి, "మరి నేను?" అన్నాడు. నిజానికి బయట నీళ్ళని చూసినప్పట్నుంచీ దిగమనేవాడి కోసమే ఎదురుచూస్తున్నట్టు అతను చాలా చురుగ్గా దిగిపోయాడు.

సీట్లక్క సంచులు రెండూ ఒళ్ళో బిగించుకుని కూర్చుంది. ఇదే ఆఖరుసారి అని ఆవిడకి తెలుసు. అందుకే రేవు నోరు దాటేదాకా దేన్నీ చూడలేదు. దాటాక చూడక తప్పలేదు. మొదటి కెరటం గోడలా లేచింది. "వదులు" అంది. పడవ కొస దాటి గాల్లో నిలిచింది, ఇంజను గొంతు మారింది, ముక్కు లేవలేదు. "ఇవ్వు." పదును ముందు తగిలింది, నీళ్ళు రెండు పక్కలకీ విచ్చుకున్నాయి, కింద చెక్క ఆవిడకి గట్టిగా తగిలింది. ఆ దెబ్బకి ఆవిడకి ప్రాణం లేచి వచ్చింది. రెండోది, మూడోది, పదోది. పక్కనుంచి ఒక దొంగది వచ్చి నెత్తిన నీళ్ళు గుమ్మరించి పోయింది, దాన్ని ఆవిడ దాని తల్లితో కలిపి తిట్టింది. వెనక తమ్ముడి చెయ్యి థ్రాటిల్ మీద పోతూ వస్తూ ఉంది, ఎక్కడా మోటు లేదు. ఈ చేతులు పోయాయన్నవాడి కళ్ళు పోను, అనుకుంది.

తిరుగుదారిలో కెరటాలు వెనక నుంచి తరిమాయి. అప్పుడు పద్ధతే వేరు. ముక్కు కొంచెం ఎత్తిపట్టి, ఒక కెరటం వీపు మీద కూర్చుని దాంతోపాటే రావాలి. తొందరపడి కొస దాటితే ముందున్న గుంటలోకి ముక్కు గుచ్చుకుంటుంది, భయపడి వెనకబడితే వెనక కెరటం పడవలోకి ఎక్కుతుంది. తమ్ముడు ఒకే కెరటాన్ని పట్టుకుని రేవు నోటిదాకా వచ్చాడు. ఒడ్డున పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. సీట్లక్క మొహమంతా ఉప్పునీళ్ళే, కాబట్టి ఏడ్చిందో లేదో ఎవరూ కనిపెట్టలేకపోయారు. ఏడ్చింది.

కెప్టెన్‌కి పడవ నచ్చింది. కాని, "పడవకి మా వాళ్ళు ఇద్దరేసి, ఇద్దరూ వెనకే నిలబడతారు. ముందు సీట్లో మాకెవరూ ఉండరు. ఇలాంటావిడని ఎనిమిదిమందిని నేను ఎక్కణ్ణుంచి తేవాలి?" అన్నాడు.

పెన్సిలు నెల రోజులు తల పట్టుకుని, ఈసారి నిజంగా లెక్కలు వేసి, దారి కనిపెట్టాడు. ముందు సీటు పీకేసి ఆ చోట ఒక ట్యాంకు పెట్టాడు. నీళ్ళు మెత్తగా ఉంటే ఖాళీగా ఉంటుంది. కెరటం లేస్తే మీట తిప్పి సముద్రపు నీళ్ళే అందులోకి ఎక్కిస్తారు, తొంభై ఒక్క కిలోలు. చక్కగా పనిచేసింది. యజమాని డ్రాయరులోని పాత ఉత్తరాలన్నీ తీసి, వెధవలు అన్నవాళ్ళందరికీ గౌరవనీయులైన అని మొదలుపెట్టి జవాబులు రాయించాడు. యార్డులో పనివాళ్ళు ఆ ట్యాంకుకి ఏం పేరు పెట్టారో చెప్పనక్కర్లేదు. రేవులో పొద్దస్తమానం అవే కేకలు, అక్కని నింపండి, అక్క ఇంకా ఖాళీ కాలేదు, అక్క కారుతోంది చూడండి అని. సీట్లక్క పైనుంచి విని, మొదటి వారం తిట్టింది. రెండో వారం తిట్టడం మానేసింది. ఆవిడ తిట్టడం మానేసిందంటే లోపల ఏదో బాగా లేదని అర్థం, కాని ఆ యార్డులో కారణాలు వెతికే అలవాటు ఎవరికీ లేదు కదా.

ఎనిమిదో పడవ పరీక్ష పూర్తయిన మధ్యాహ్నం తమ్ముడు మేడగదికి వచ్చాడు. వచ్చి స్పాంజి పలక మీద కూర్చున్నాడు.

"అక్కా, ఒక సంగతి చెప్తాను. తిట్టకు."

"సంగతిని బట్టి."

"నువ్వు తగ్గుతున్నావనీ, ముక్కు అందుకే లేస్తోందనీ నాకు ముందే తెలుసు. నువ్వు చక్కెర మానేసిన నాలుగో నెలకే చేతికి తెలిసిపోయింది."

మిషను ఆగింది. "తెలిసీ, చేతులు పోయాయని వాళ్ళంటుంటే పడి ఊరుకున్నావా?"

"చెప్తే నిన్ను దింపేసేవాళ్ళు కదా."

"నీ ఉద్యోగం పోయేది కదరా."

"పోతే పోనీ అనుకున్నా." అతను తన చేతుల వంక చూసుకున్నాడు. "నాకు ఈ పడవలంటే విసుగొచ్చి పదేళ్ళయింది అక్కా. నడుం పోయింది. పొద్దున లేస్తే ఎందుకు లేచానురా అనిపిస్తుంది. నీకు పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా విసుగు రాలేదు. వెనక కూర్చుని రోజూ చూస్తున్నాగా. ఇద్దరిలో ఒకరు దిగాల్సి వస్తే నేనే దిగుదామనుకున్నా. ఈలోపు నువ్వు పోయి కాటా ఎక్కేశావు."

సీట్లక్కకి ఒళ్ళు మండింది. నలుగురిలో తూకం ఎక్కి, ప్రాణంలాంటి సీటు పోగొట్టుకుని, తను వీడికి తిరిగి ఇప్పించింది వీడికి అక్కర్లేని ఉద్యోగం. వీడు తనకోసం పరువు పోగొట్టుకున్నాడు, తను వీడికోసం సీటు పోగొట్టుకుంది, ఇద్దరూ కలిసి సాధించింది ఒక నీళ్ళ ట్యాంకు.

"ఆ ముక్క ముందే ఏడవచ్చు కదరా" అంది.

"నువ్వు నన్నెప్పుడు మాట్లాడనిచ్చావు?"

ఆవిడ చేతికందిన రెక్సిను ముక్కతో కళ్ళు తుడుచుకుంది. అది చుక్క కూడా పీల్చదు, మొహమంతా పులిమింది. ముక్క అవతల పారేసి లేచి, ఏప్రను విప్పి మిషను మీద పడేసింది.

"లే. సార్ గదికి పోదాం పద."

"ఎందుకు?"

"నీకు విసుగొచ్చిందని చెప్పు. ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు."

"చెప్తా. మరి రేపట్నుంచి పడవలు ఎవరు తోలతారు అంటాడు."

"అననీ. ఆ మాట ఆయన నోటినుంచి వచ్చేదాకా నువ్వు మాట్లాడు. తర్వాత నేను మాట్లాడతా."

"నువ్వేం చెప్తావు?"

"నాకింకా విసుగు రాలేదని చెప్తా."